గెలీలియోకి పెన్షన్ ఎవరిస్తారు?

అక్టోబర్ 1966. ఆల్ఫా 177 అనే గ్రహం మీద పొద్దు కుంకుతోంది. అక్కడ రాత్రయితే చలి సున్నాకి 120 డిగ్రీలు కిందికి దిగుతుంది. ఓడ నడిపే సులూ, అతనితో దిగిన ఇంకొందరు ఫేజర్ అనే కిరణాల తుపాకులతో బండరాళ్ళు కాల్చి, ఆ వేడికి చేతులు కాచుకుంటున్నారు. పైన ఎంటర్‌ప్రైజ్ అనే మహానౌక నాలుగొందల మందికి పైగా సిబ్బందిని వేసుకుని, ఏం చేయాలో తోచక చుట్లు కొడుతోంది. మనుషుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే ట్రాన్స్‌పోర్టర్ చెడిపోయింది మరి. అందులోంచి వచ్చిన కెప్టెన్ కర్క్ ఒకడు వెళ్ళి ఇద్దరయ్యాడు. చలికి హీటర్లు పంపితే అవీ రెండేసి అయ్యాయి, ఒక్కటీ వెలగలేదు. పొడుగాటి తాడేదైనా ఉంటే ఓ కెటిల్ వేడి కాఫీ దించుతారా అని సులూ కింద నుంచి అడుగుతాడు.

స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్లో ఈ ఎపిసోడ్ చూసిన ప్రతిసారీ నాకు ఒకటే సందేహం. తాడు లేదు సరే, ఇంత ఓడకి గ్రహం మీదికి దిగి రావడానికి ఒక చిన్న బండి లేదా?

లేదు. గెలీలియో అనే ఆ బండి ఆ వారానికి ఇంకా పుట్టలేదు. గ్రహాంతర సమాఖ్య, యుద్ధ నౌకలు, కాంతిని మించిన వేగం, అన్నీ ఉన్నాయి. ఇంటి ముందు నిలబెట్టే బండి ఒక్కటే లేదు. మన దగ్గర అప్పు చేసి ఫంక్షన్ హాలు మాట్లాడి, వంట సామాను తేవడానికి ట్రాలీ ఆటో సంగతి మరిచిపోయే పెళ్ళివారి లాంటి వ్యవహారం ఇది. అసలు ఆ ట్రాన్స్‌పోర్టర్ కూడా సైన్స్ మీద ప్రేమతో పుట్టింది కాదు. ప్రతి వారం ఓడని ఏదో గ్రహం మీద దించినట్టు చూపించాలంటే ఖర్చు తట్టుకోలేక, మనుషుల్ని తళతళలాడించి మాయం చేద్దామనుకున్నారు. కథ జరిగే 23వ శతాబ్దపు మహత్తర ఆవిష్కరణకి మూలం 20వ శతాబ్దపు జేబులో డబ్బులు లేకపోవడం.

మరి బండి ఎలా వచ్చింది? ఏఎంటీ అనే ప్లాస్టిక్ మోడల్ కిట్ల కంపెనీ పెట్టించింది. ఆ బండి బొమ్మ అమ్ముకునే హక్కు మాకిస్తే అసలు సైజులో మేమే కట్టిస్తాం అన్నారు. కట్టించారు. బొమ్మ అమ్ముకోవడం కోసం బండి తయారైంది, బండి ఉంది కదా అని కథ నడిచింది. అలా 1967 జనవరి 5న గెలీలియో తెరకెక్కింది. సులూ కాఫీ అడిగిన మూడు నెలలకి.

వచ్చిన మొదటి రోజే దాన్ని కూల్చేశారు. చూడండి, కొత్త కోడలిని కూడా మొదటి పండక్కైనా సరిగ్గా చూస్తారు. ఏడుగురు ఎక్కే బండి అది (సెవెన్ సీటర్ ఆటోలని ఎన్నాళ్ళో చిన్నచూపు చూసినవాళ్ళం, ఒక క్షణం తల వంచుదాం). తర్కం తప్ప ఆవేశం ఎరగని అధికారి స్పాక్ నాయకత్వంలో మురసాకీ 312 అనే అంతరిక్ష వింత దగ్గరికి పరిశోధనకి వెళ్ళి, దారి తప్పి, టారస్ 2 అనే గ్రహం మీద పడింది. ఇంజనీరు స్కాటీ ఊరుకుంటాడా? చేతి తుపాకుల్లో ఉన్న చార్జంతా పిండి ఇంజన్లో పోశాడు. ఆగిపోయిన బండిలోకి పక్క స్కూటర్లోంచి పైపుతో పెట్రోలు లాగే విద్య అన్నమాట. ఏ శతాబ్దమైనా అది మెకానిక్‌తో పాటే ఉంటుంది.

అయినా బరువు ఎక్కువ. 500 పౌండ్లు తగ్గితే గానీ కక్ష్యకి ఎక్కదని లెక్క తేలింది. అంటే ముగ్గురు మనుషులు. ఎవరుండాలో నేనే తేలుస్తాను అని స్పాక్ మొహంలో ఏ మార్పూ లేకుండా అన్నాడు. అందరూ స్పాక్ మీద మండిపడ్డారు, మనసు లేనివాడన్నారు. ఆ గంటంతా వాళ్ళు పోట్లాడుకుంది ఎక్కడ కూర్చునో తెలుసా? గెలీలియో లోపల. బయట బల్లేలు విసిరే రాక్షసాకారాలు తిరుగుతుంటే, ఆ రేకు గోడల మధ్యే కూర్చుని మనసు గురించి చర్చించారు. గోడల గురించి ఒక్కరూ మంచి మాట అనలేదు.

ఆ గోడల సంగతి చెప్పాలి. కర్క్ లెక్క ప్రకారం గెలీలియో పొడవు 24 అడుగులు. బయట నిలబెట్టి చూపించిన నమూనా అంత కూడా లేదు; అందులో దూరితే నడుం వంచాల్సిందే. లోపలి సీన్లు మాత్రం వేరే సెట్‌లో తీశారు, అక్కడ స్పాక్ దర్జాగా నిటారుగా నడుస్తాడు. బిల్టప్ ఏరియా కన్నా కార్పెట్ ఏరియా ఎక్కువున్న కట్టడం విశ్వంలో ఇదొక్కటే. మన బిల్డర్లు ఎవరూ దీన్ని అధ్యయనం చేయకపోవడం వాళ్ళ వృత్తి ధర్మానికి తగినదే.

చివరికి ఇద్దరు పోయి ఐదుగురు మిగిలాక, గెలీలియో ఎలాగో ఎగిరింది. కక్ష్యలో నిలిచే శక్తి లేదు. అప్పుడు స్పాక్ ఉన్న ఇంధనమంతా బయటికి వదిలి అంటించాడు, దూరంగా వెళ్ళిపోతున్న ఎంటర్‌ప్రైజ్‌కి కనబడాలని. కనబడింది. ఐదుగురినీ తళతళలాడించి పైకి లాగేసుకున్నారు. గెలీలియో గాలిలో మండిపోయింది. తర్వాతి సీన్లో స్పాక్ ఆవేశపడ్డాడా లేదా అన్న విషయం మీద ఓడంతా పగలబడి నవ్వారు. బండి చితాభస్మం ఇంకా చల్లారి ఉండదు.

సరే, పోయింది అనుకుంటే, అదే ఏడాది నవంబర్లో గెలీలియో మళ్ళీ వచ్చింది! అదే పేరు, అదే నంబరు, ఎన్‌సీసీ 1701/7. కాలిపోయిన బండి అదే నంబరు ప్లేటుతో రోడ్డెక్కితే మన దగ్గర ఆర్‌టీఓ ఊరుకుంటాడా? అక్కడ అడిగే నాథుడు లేడు. మొదటి దాని స్మృతికి ఒక రెండు అంకె కూడా తగిలించలేదు. 'గెలీలియో 2' అన్న పేరు కోసం 1969 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ లోపల 1968 జనవరిలో దాన్ని తీసుకెళ్ళి ఒక అమీబా కడుపులో దించారు. చిన్నదేం కాదు, పదకొండు వేల మైళ్ళ పొడవుది. లోపలికి వెళ్ళే గౌరవం నాకంటే నాకని స్పాక్, డాక్టర్ మెకాయ్ పోటీ పడ్డారు. వాళ్ళలో వెళ్ళేది ఎవరైనా మోసుకెళ్ళేది ఎవరో ఆ చర్చలో ప్రస్తావనకి రాలేదు.

ముసలి తరం అంతే, తర్వాతి వాళ్ళు నయం అనుకునే అమాయకులకి వోయేజర్ అనే తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ చూపించాలి. 1995లో మొదలైన ఆ కథలో అదే పేరున్న ఓడ ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. దారిలో రేవు లేదు, షెడ్డు లేదు, విడిభాగాల కొట్టు లేదు. కాబట్టి ఏం చేయాలి? ఉన్న షటిళ్ళని, అంటే గెలీలియో లాంటి చిన్న బండ్లని, కళ్ళలో పెట్టుకుని చూసుకోవాలి. వాళ్ళు మాత్రం ఏడేళ్ళ పాటు పప్పు బెల్లాల్లా ఖర్చు పెట్టారు. ఆ ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి చకోటే చేతికి షటిల్ ఇస్తే తిరిగి రాదని అభిమానుల్లో ఓ జోకే స్థిరపడిపోయింది. ఎన్ని పోయాయన్నది వాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నారు. ఓడ గ్యారేజీలో మాత్రం కొరత ఎప్పుడూ కనబడలేదు. చివరికి డెల్టా ఫ్లయర్ అని సొంతంగా ఒకటి కట్టుకున్నారు. అదీ పేలిపోయింది. ఇంకోటి కట్టుకున్నారు. ఆడిట్ అనేది ఆ శతాబ్దంలో రద్దయినట్టుంది.

అసలు గెలీలియో, అంటే బొమ్మల కంపెనీ కట్టించిన ఆ పెద్ద నమూనా, ఏమైందో తెలిస్తే ఇంకా బాధ. సీరియల్ ఆగిపోయాక చేతులు మారింది. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ నాని చెక్క పుచ్చిపోయింది, రేకు తుప్పు పట్టింది. 2012లో వేలానికి పెడితే అభిమానులు అరవై వేల డాలర్లకి పైగా పోసి కొని, న్యూజెర్సీలో బాగుచేయించారు. 2013 జూలైలో హ్యూస్టన్ స్పేస్ సెంటర్‌లో కొత్త రంగుతో నిలబెట్టారు. చంద్రుడి దాకా నిజంగా వెళ్ళిన మనుషుల్ని కింద నుంచి నడిపించిన ఊళ్ళో, స్టూడియో గేటు దాటి ఎటూ ఎగరని బండికి చోటు దొరికింది. పెన్షన్ లాంటిది ఏమైనా దక్కిందంటే అదే.

ఆ మరుసటి ఏడాది మా బావమరిది వాళ్ళు అత్తామామల్ని తీసుకుని అక్కడికి వెళ్ళారు. గెలీలియో ముందు నిలబడి ఒక్క ఫోటో పంపరా అని ముందే చెప్పాను. సాయంత్రానికి నలభై ఫోటోలు వచ్చాయి. సాటర్న్ 5 రాకెట్ పక్కన అందరూ, వ్యోమగామి సూటు పక్కన మామగారు, గిఫ్ట్ షాపులో పిల్లలు. గెలీలియో లేదు. ఫోన్ చేసి అడిగితే అవతల కాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు.

"అదా బావా! కిటికీలున్న డబ్బాలాంటిది... మేం టికెట్ కౌంటరేమో అనుకుని లైన్లో నిలబడబోయాం."