కోట్ల కారు ఏ వేగంలో నిద్రలేస్తుంది?

పోయిన సంక్రాంతికి కర్నూలు నుంచి వస్తూ మా అమ్మ ముందు సీట్లో నిద్రపోయింది. కారు మా మిత్రుడిది, బెంట్లీ కాంటినెంటల్ జీటీ. పుల్లూరు టోల్ దాటేదాకా చుట్టాల కబుర్లు చెబుతూనే ఉంది. తర్వాత మాట తగ్గింది, తల పక్కకు వాలింది. ఒళ్లో అరిసెల స్టీల్ డబ్బా, దాని మూత మీద చెయ్యి. రాయికల్ టోల్ దగ్గర కళ్లు తెరిచి, "జడ్చర్ల ఇంకా రాలేదా నాన్నా?" అంది. జడ్చర్ల దాటి అప్పటికే చాలాసేపయింది. మూత మీద చెయ్యి పెట్టింది పెట్టినట్టే ఉంది.

గ్రాండ్ టూరర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ డబ్బా గురించే చెబుతాను. 'గ్రాన్ టురిస్మో' అన్న ఇటాలియన్ మాటకు అర్థమే పెద్ద ప్రయాణం, జీటీ దాని పొట్టి రూపం. ఇద్దరు మనుషులు, వాళ్ల సామాను. పొద్దున ఒక ఊళ్లో బయల్దేరి సాయంత్రానికి వందల కిలోమీటర్ల అవతల దిగినా నడుం పట్టేయకూడదు. ఆ కారు పుట్టిందే అందుకు.

స్పోర్ట్స్ కారుది ఇంకో లోకం. అదే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున మరో మిత్రుడి పోర్షే 718 కేమన్ తీసుకుని వికారాబాద్ వైపు వెళ్లాను. అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు ముల్లు 50 దాటలేదు. అయినా తారు ఎక్కడ అతుకు వేశారో స్టీరింగ్ చెప్పేస్తోంది. మలుపులో బరువు ఒక పక్కకు ఒరుగుతుంటే నడుముకు తెలుస్తోంది. ఇంజిన్ సరిగ్గా వీపు వెనకే ఉంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కినా దాని గొంతు మారుతోంది. గుట్ట పైన ఆపి దిగేసరికి అరచేతులకు చెమట పట్టింది. ఆ కారులో ఎవరూ నిద్రపోలేరు.

ఈ రెండింటిలో ఏది కొనాలన్న ప్రశ్న హైదరాబాద్‌లో ఈ మధ్య నా చెవిన తరచుగా పడుతోంది. అడిగేవాళ్లు ముందు హార్స్‌పవర్ పోలుస్తారు, తర్వాత సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చూస్తారు. నా దృష్టిలో చూడాల్సిన అంకె వేరే ఉంది. ఆ కారు ఏ వేగం దగ్గర నిద్రలేస్తుంది? ఆ వేగం మన రోడ్ల మీద, చట్టం లోపల, పక్కవాడికి ప్రమాదం లేకుండా దొరుకుతుందా? ఇది తేలితే మిగతాది చాలావరకు తేలిపోతుంది.

బరువుతో మొదలుపెడదాం. 2024లో వచ్చిన కొత్త కాంటినెంటల్ జీటీ స్పీడ్ దాదాపు రెండున్నర టన్నులు. 2003లో ఈ మోడల్ పుట్టినప్పటి నుంచి దానికి పేరు తెచ్చిన 12 సిలిండర్ల ఇంజిన్ పోయి, 4 లీటర్ల వీ8, దానికి తోడు ఎలక్ట్రిక్ మోటార్ వచ్చాయి. రెండూ కలిసి 770కి పైగా హార్స్‌పవర్ ఇస్తాయి. మామూలు కేమన్ 1,400 కిలోల లోపే, శక్తి 300. అంకెలు చూస్తే పోటీయే లేదనిపిస్తుంది. కానీ బరువున్న కారు గతుకుని మింగేస్తుంది. ఎయిర్ సస్పెన్షన్, మందపాటి అద్దాలు, శబ్దాన్ని ఆపే పొరలు అన్నీ కలిసి రోడ్డుని మనకు దూరం చేస్తాయి. దూర ప్రయాణంలో అది వరం. అదే కారులో 80 దగ్గర వెళుతుంటే మాత్రం నిలబడి ఉన్నట్టే ఉంటుంది. 120 దగ్గర కూడా దానికి ఆయాసం రాదు. అది ఒళ్లు విరుచుకుని లేచే వేగం జర్మనీ ఆటోబాన్ మీద ఉంది, మన దగ్గర లేదు.

మనకున్నవాటిలో మంచి రోడ్డు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, టూవీలర్లు రావు. 2023లో స్పీడ్ లిమిట్ 100 నుంచి 120కి పెంచారు. అక్కడ జీటీ హాయిగా, చప్పుడు లేకుండా వెళుతుంది. నిజమే. కానీ ఆ హాయి కోసమే అయితే మంచి పెద్ద సెడాన్ అంతకు తక్కువ ధరలో అదే పని చేస్తుంది. పైగా వెనుక తలుపులుంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కగలరు. జీటీలో వెనుక సీట్లున్నా అవి చిన్నపిల్లలకో, హ్యాండ్‌బ్యాగులకో.

"మన రోడ్లకి స్పోర్ట్స్ కారెందుకండీ, జీటీయే నయం" అని అందరూ అనే మాటకు అసలు ఆధారం స్పీడ్ బ్రేకర్. దాన్ని కొట్టిపారేయలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మామూలు స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా కడితే ఎంత కిందికున్న కారైనా ఎక్కి దిగుతుంది, ఎందుకంటే వాలు మెల్లగా లేస్తుంది. మన కాలనీల్లో జరిగేది ఇంకోటి. ఎవరో రాత్రికి రాత్రి రెండు తట్టల కాంక్రీటు పోసి, అడుగు వెడల్పులో గోడలా లేపుతారు. ముందు చక్రాలు దాన్ని దాటి కిందికి దిగే క్షణంలో పొట్ట దాని మీద ఉంటుంది. స్పోర్ట్స్ కారు పొట్ట నేలకు పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే గొప్ప.

ఆ ఆదివారం జూబ్లీహిల్స్‌లో ఒక సందు చివర ఇలాంటిదే ఎదురైంది. మిత్రుడు కారు ఆపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కేలా ఏటవాలుగా పోనిచ్చాడు. మూడు చక్రాలు దాటాయి. నాలుగోది దిగుతుండగా కింద నుంచి గరగరమని శబ్దం. ఇద్దరం ఒకేసారి ఊపిరి బిగపట్టాం. దిగి, ఫోన్ లైట్ వేసి, నేల మీద బోర్లా పడుకుని చూశాం. ప్లాస్టిక్ కవర్ మీద జానెడు గీత. అంతటితో పోయింది. దాదాపు 4 సెంటీమీటర్లు ముక్కు ఎత్తే లిఫ్ట్ సిస్టమ్ పోర్షే వాళ్లదే ఇంకో స్పోర్ట్స్ కారు 911లో ఆప్షన్‌గా ఉంది. కొనేవాళ్లు సన్‌రూఫ్, సీట్ల కుట్టు రంగు మానేసి ముందు దానికి డబ్బు పెట్టాలి.

గుంతల విషయంలో మాత్రం జీటీకి అనుకున్నంత ఆధిక్యం లేదు. 22 అంగుళాల చక్రాలకు టైరు పక్క గోడ చాలా పల్చగా ఉంటుంది. వాన నీళ్ల కింద గుంత కనబడక దిగిందంటే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నా రిమ్ వంగుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా ఈ విషయంలో ఇద్దరికీ ఒకటే టెన్షన్.

దూరాల లెక్క కూడా నిజాయతీగా వేసుకోవాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు, విజయవాడ 270. ఈ రోడ్ల మీద నెలనెలా తామే నడుపుకుంటూ వెళ్లేవాళ్లకు జీటీ కంటే మంచి బండి లేదు, ఎవరికైనా అదే చెబుతాను. కానీ అంత ఖరీదైన కారు కొనగలిగినవాళ్లలో నాకు తెలిసిన చాలామంది బెంగళూరుకు విమానంలో వెళతారు, విజయవాడకు డ్రైవర్‌తో ఎస్‌యూవీలో వెళతారు. వాళ్ల జీటీ కోకాపేట నుంచి బంజారాహిల్స్ హోటల్ దాకా వెళ్లి వస్తుంది. పెద్ద ప్రయాణం చేయని వాళ్ల చేతిలో పెద్ద ప్రయాణాల కారు ఉంటే నాకు బాధగానే ఉంటుంది.

అలాగని స్పోర్ట్స్ కార్లన్నీ ఈ ఊరికి సరిపోతాయని కాదు. 911 జీటీ3 సంగతి చూడండి, పేరులో జీటీ ఉన్నా స్పోర్ట్స్ కారే. టర్బో లేని 4 లీటర్ల ఇంజిన్, 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. అద్భుతమైన పనితనం, అందులో సందేహం లేదు. కానీ ఆ తొమ్మిది వేలు రెండో గేర్‌లో చూసేసరికే ఔటర్ లిమిట్ అయిపోతుంది. దాన్ని నిజంగా వినాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాలి, ఆరు వందల కిలోమీటర్లు. ఆ ఓపికతో ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లేవాళ్లున్నారు, వాళ్లు కొనాలి. మిగతావాళ్ల చేతిలో ఆ కారు ఏం చేస్తుందో మనకు తెలుసు. తెల్లవారుజామున ఔటర్ మీద, రాత్రి కేబుల్ బ్రిడ్జి మీద వినబడుతూనే ఉంటుంది. పక్క లేన్‌లో కూరగాయల ఆటోవాడు ఉంటాడు, షిఫ్ట్ ముగించుకుని ఇంటికెళ్లే పిల్ల ఉంటుంది. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది పోయారు. వికారాబాద్ వెళ్లే దారి అదే. కింద కూర్చునే కారులో ముందు లారీ ఉంటే అవతల ఏం వస్తోందో కనబడదు. ఆ రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయాలన్న ఆలోచనే రాకూడదు.

అందుకే నా ఓటు తేలికపాటి, మధ్యస్థ శక్తి ఉన్న స్పోర్ట్స్ కారుకి, అదీ ఇంట్లో రోజువారీకి ఇంకో కారు ఉన్నప్పుడు. 50, 60 వేగంలోనే చేతులకు పని చెప్పే కారు హైదరాబాద్‌లో ప్రతి ఆదివారం తన పూర్తి విలువ ఇస్తుంది. పెట్రోల్ 718 తయారీ 2025లో ఆగిపోయింది, కాబట్టి సెకండ్ హ్యాండ్ వెతుక్కోవాలి. కొత్తది కావాలంటే, బరువు కాస్త ఎక్కువైనా, మాన్యువల్ గేర్‌బాక్స్‌తో దొరికే బీఎండబ్ల్యూ ఎం2 ఉంది. ఒకే కారుతో అన్నీ గడవాలంటే నేను జీటీయే తీసుకోమంటాను, మరో మాట లేదు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు కిలోమీటర్లు తక్కువ తిరిగిందని మురిసిపోకండి. ఇక్కడ ఇలాంటి కార్లు ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగవు. టైరు అరగకముందే రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1219 అని ఉంటే అది 2019లో పన్నెండో వారంలో తయారైంది, ట్రెడ్ ఎంత కొత్తగా కనబడినా మార్చాల్సిందే. బ్యాటరీ ఎన్నిసార్లు మార్చారో అడగండి. లిఫ్ట్ మీద ఎత్తించి పొట్ట చూడండి. పాత యజమాని ఇంటి రోడ్డు ఎలాంటిదో అక్కడ రాసి ఉంటుంది.

టోకెన్ ఇచ్చేముందు టెస్ట్ డ్రైవ్ కారుని షోరూమ్ వాళ్లు చూపించే రోడ్డు మీద కాకుండా మీ ఇంటికి తెమ్మనండి. ఒకరిని సెల్లార్ ర్యాంప్ మొదట్లో కింద కూర్చోబెట్టి, బండి ముక్కుకి, ర్యాంప్ అంచుకి మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడమనండి. తర్వాత మీ సందు చివరి స్పీడ్ బ్రేకర్.