గది దాటొద్దంటే, సూర్యుణ్ణే గదిలోకి తెస్తాం

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకరు, గుణుపురం నుంచి ఇద్దరు, బరంపురం నుంచి ఎంతమందో లెక్కలేదు. అందరూ పంపేది ఒకటే మెసేజ్: "ఆడపిల్లల్ని ఆకాశం చూసే శిబిరాలకు పంపకండి. గ్రహణ కిరణాలు గర్భసంచిని పాడుచేస్తాయి, ఆ రోజు గది దాటనివ్వకండి. వాళ్లకు లెక్కలు అబ్బవు. టెలిస్కోప్ దండగ. రాత్రిపూట ఆరుబయట పనేంటి?" కింద, పదిమందికి పంపమని ఆజ్ఞ.

లెక్కల సంగతి ముందు తేల్చేద్దాం. 2023లో దిగిన చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కల్పన కాళహస్తి. అబ్బని లెక్కలతోనే దింపేశారు కాబోలు.

గర్భసంచి మాటలోనే ఉంది విషమంతా. గ్రహణం నాడు పడేది రోజూ పడే ఎండే, కాస్త తక్కువగా. అదే ఎండలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ల గురించి ఒక్క మెసేజూ రాదేం? దెబ్బతినేది కన్ను, అదీ నేరుగా చూస్తే. ఆడా మగా తేడా లేదు. రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, నొప్పి తెలీదు, కాలుతున్నా తెలీదు. ఎక్స్‌రే ఫిల్ము అడ్డుపెట్టుకుని చూసినా ముప్పే: అది వెలుగును తగ్గించి పరారుణ కిరణాల్ని వదిలేస్తుంది. ఆ చీకటికి కనుపాప విచ్చుకుని ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. (2022 అక్టోబరు 25 గ్రహణానికి ఒడిశా ప్రభుత్వమే సెలవిచ్చింది. మెసేజ్ రాసేవాడికి అంతకన్నా ధైర్యమేం కావాలి?)

గది దాటకూడదంటారా, సరే. చిన్న అద్దం మీద 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న కాగితం అంటించండి. బియ్యం గిన్నెలో గుచ్చి ఎండలో పెట్టి, 10 మీటర్ల దూరంలో చీకటి గది గోడ మీదికి వెలుగు మళ్లించండి. 9 సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు, కొరికిన ముక్కతో సహా. గోడ మరీ దగ్గరైతే కనబడేది రంధ్రం ఆకారమే. రెండు నిమిషాల్లో బింబం తన వెడల్పంత జరిగిపోతుంది, అద్దం సర్దుతూ ఉండాలి. అద్దంలోకి మాత్రం ఎవరూ చూడకూడదు. నిండు చూలాలు సైతం మంచం మీద కూర్చుని చూడొచ్చు.

టెలిస్కోప్ దండగన్న మాట ఒప్పుకుంటా. పెట్టె మీద "525 రెట్లు" అని రాసిన 50 మిల్లీమీటర్ల బొమ్మ దండగే, మగపిల్లాడికీ దండగే. ఆ కటకంతో 100 రెట్లు దాటితే మసకే, స్టాండు వణుకు అదనం. 7×50 బైనాక్యులర్ (7 రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకాలు) కొని గోడకు ఆనించి పట్టుకుంటే గురుడి చందమామలు కనిపిస్తాయి.

ఇక రాత్రి. శుద్ధ అష్టమి నాడు పొద్దుగూకగానే చంద్రుడి గోతులు నీడలతో చక్కగా తేలతాయి. మేడమీద చూసి ఎనిమిదికల్లా అన్నానికి దిగొచ్చు. ఆరుబయట పనేంటో తెలియాలంటే, పిల్లలకోడి (కృత్తికల చుక్కల గుంపు) ఎక్కడికొచ్చిందో చూసి కోడికూతకు ముందే లేచిన అమ్మమ్మనే అడగండి.