సీప్లస్‌ప్లస్ కంపైలర్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ సీప్లస్‌ప్లస్ కంపైలర్ గారికి,

మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో, కిటికీ పక్కన మూడో కుర్చీలో కూర్చునే అమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలమే. నా సంగతి చెప్పుకుందామనే ఈ ఉత్తరం. నేను సీప్లస్‌ప్లస్ భాషలో రాసే ఆట కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేది మీరే. ప్రస్తుతం మీరు ఫుల్ బిల్డ్‌లో, అంటే మొత్తం కోడ్‌ను మొదటి నుంచి మార్చే పనిలో ఉన్నారు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపు నాకు వేరే పనేం లేదు కాబట్టి కింద నుంచి వచ్చే పెసరట్టు వాసన పీలుస్తూ రాస్తున్నాను.

ముందు ఒక విషయం చెప్పేయాలి. మా అమ్మ మిమ్మల్ని మనిషి అనుకుంటోంది. తప్పు నాదే. రోజూ రాత్రి హనుమకొండ నుంచి ఫోన్ చేసి "ఇంకా ఆఫీసులనే ఉన్నవా?" అని అడిగితే "కంపైలర్ ఒప్పుకోవట్లేదమ్మా" అనేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడే "ఇయ్యాల ఒప్పుకున్నడా?" అని మొదలుపెట్టింది. దసరాకు ఇంటికెళ్తే అసలు ప్రశ్న బయటికొచ్చింది. "మీ కంపైలర్‌ది ఏ ఊరు బిడ్డా?"

అబద్ధం ఎందుకని న్యూజెర్సీ అన్నాను. బెల్ ల్యాబ్స్‌లో కూర్చుని 1979లో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ అనే డెన్మార్క్ ఆయన సీ భాషకు క్లాసులు (సమాచారాన్ని, దాని మీద చేసే పనులను ఒకచోట కట్టే మూటలు) తగిలించడం మొదలుపెట్టింది అక్కడే కదా. న్యూజెర్సీ అనగానే అమ్మ సర్దుకుని కూర్చుంది. నామకరణం 1983లో, బయటి ప్రపంచంలోకి రావడం 1985లో అని చెప్పాక వేళ్ళ మీద లెక్కేసి "వయసు జర ఎక్కువనే ఉంది" అంది. కోపం అంతకన్నా ఎక్కువని నేను చెప్పలేదు.

మన పరిచయం కూడా మామూలుగా జరగలేదు. ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మీ పేరు చెప్పి మాకు చూపించినాయన వేరే. టర్బో సీప్లస్‌ప్లస్ అనే పాత కంపైలర్, నీలం తెర. 1998లో మీ మొదటి స్టాండర్డ్ (అధికారిక నియమావళి) రాకముందటి మనిషి. వాయిడ్ మెయిన్ అని మొదలుపెట్టి, తెర తుడిచి, చివర గెట్‌చ్ అని దండం పెడితే చాలు, ఏదైనా ఒప్పుకునేవాడు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ డాట్ హెచ్ ఫైలు పెట్టి ఒక బంతిని గోడలకు కొట్టించాను. రికార్డులో ఎక్స్‌టర్నల్ గారు సంతకం కూడా పెట్టారు. నేను గేమ్ డెవలపర్‌ని అయిపోయానని అమీర్‌పేట మైత్రీవనం దాకా నడిచొచ్చి, జిరాక్సు నోట్సు కొనుక్కుని, అదే ప్రోగ్రామ్ మీ ముందు పెట్టాను. అలాంటి ఫైలే లేదన్నారు. మెయిన్‌కు వాయిడ్ ఏమిటన్నారు. నాలుగేళ్ళ చదువుకు మీరిచ్చిన జవాబు పదిహేడు ఎర్రర్లు.

సరే, అవి తెలియని రోజులు. ఇప్పటి సంగతికి వస్తాను.

పప్పులో ఉప్పు తక్కువైందని విస్తరి ముందు నుంచి లేచిపోయే మగపెళ్ళివారిని చూశాను. వాళ్ళు మీ ముందు దిగదుడుపు. క్లాస్ చివర బ్రాకెట్ పక్కన ఒక్క సెమికోలన్ మర్చిపోతే మీరు చేసే రభస ఇంతా అంతా కాదు. పోనీ, మర్చిపోయిన చోట అరుస్తారా? ఆ క్లాస్ ఉన్న హెడర్‌ను (వేరే ఫైళ్ళు పిలిచి వాడుకునే ఫైలును) పిలిచిన పక్క ఫైలు మీద పడతారు. అక్కడ అన్నీ సరిగ్గానే ఉంటాయి. తప్పు మా ఇంట్లో, తిట్లు పక్కింటికి. ఇక టెంప్లేట్ల (ఏ రకం డేటాకైనా పనికొచ్చే అచ్చుల) జోలికి వెళ్ళి ఎక్కడో ఒక రకం బదులు ఇంకో రకం ఇచ్చామా, మా తాతముత్తాతల వంశవృక్షం మొత్తం తెర మీద పారుతుంది. అసలు నేరం ఎక్కడుందో వెతుక్కోవడానికి నేను వేలితో పైకి తోసుకుంటూ పోవాలి.

హెడర్లంటే గుర్తొచ్చింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెత. మీ దగ్గర ఒక్క హెడర్‌ను పిలిస్తే అది తన పిల్లితో, ఆ పిల్లి తన పిల్లలతో, అవి వాటి చుట్టాలతో వచ్చి వేల లైన్లు పంక్తిలో కూర్చుంటాయి. నేను ఒక హెడర్‌లో కామెంట్ సరిదిద్దితే దాన్ని పిలిచిన ప్రతి ఫైలూ మళ్ళీ మొదటి నుంచి. అక్షరదోషం దిద్దినందుకు ఇరవై నిమిషాలు. 2020 స్టాండర్డ్‌లో దీనికి మాడ్యూల్స్ అనే మందు రాశారు. మా ఇంజిన్‌లో, అంటే ఆటను నడిపించే మూల కోడ్‌లో, ఇంకా ఎవరూ మింగలేదు.

అవును, మాకు సొంత ఇంజిన్ ఉంది. ఏడుగురం మనుషులం, ఒక సొంత ఇంజిన్. మా సార్ ఎక్కడో విన్నారు, 2001లో వచ్చిన జాక్ అండ్ డాక్స్‌టర్ ఆట కోసం నాటీ డాగ్ కంపెనీ వాళ్ళు లిస్ప్ అనే పాత భాష తరహాలో గోల్ అనే సొంత భాష, దానికి సొంత కంపైలర్ తయారుచేసుకున్నారని. వాళ్ళు చేస్తే గోల్. మేము చేస్తే గోల.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మాది గాలిపటాల ఆట. ధూల్‌పేట పతంగులు, డాబాల మీద చరఖాలు, పేంచ్ వేసి (దారానికి దారం మెలేసి) కోస్తే "అఫా!" అని కేక. సంక్రాంతికి ముందు విడుదల కావాలి. నా కంప్యూటర్‌లో పతంగి చార్మినార్ మీద బుద్ధిగా ఎగిరేది. టెస్టర్ కుర్రాడి ఫోన్‌లో మాత్రం చెయ్యి వదలగానే మాయం. ఎటు పోయిందో కనుక్కుందామని దాని స్థానం ప్రింట్ చేసే లైను ఒకటి పెట్టాను. మళ్ళీ బుద్ధిగా ఎగిరింది. లైను తీసేశాను. మాయం. మూడు రాత్రులు ఇదే తంతు. నాలుగో రోజు కుర్రాడు నిమ్మకాయ తెచ్చి ఫోన్ పక్కన పెట్టాడు. నేను తీయలేదు.

చివరికి లినక్స్ మెషీన్‌లో వాల్‌గ్రైండ్ అనే, మెమరీ తప్పులు పట్టే పనిముట్టు కింద నడిపాను. ఆట నత్తలా సాగింది గానీ దొంగ దొరికాడు. పతంగి క్లాస్‌లో గాలి వేగం అనే ఫ్లోట్ (దశాంశ సంఖ్య) పెట్టి, దానికి మొదటి విలువ ఇవ్వడం మర్చిపోయాను. అంతే. మీ ధర్మం ప్రకారం అలా వదిలేస్తే, మెమరీలో ఆ చోట అంతకుముందు ఎవరు కాపురమున్నారో వాళ్ళ సామానే మిగులుతుంది. నా కంప్యూటర్‌లో అదృష్టం కొద్దీ సున్నా మిగిలింది. కుర్రాడి ఫోన్‌లో మిగిలిన అంకె గాలివేగంగా వీచింది. బోరబండలో మా ఇంటి ఓనర్ కూడా పాత అద్దెవాళ్ళు వెళ్ళాక గోడలకు సున్నం వేయించి ఇచ్చాడండీ. సీషార్ప్ భాష అయినా, జావా అయినా క్లాస్‌లో ఫీల్డుకు సున్నా వేసి ఇస్తాయి. మీరు సున్నమూ వేయరు, సున్నా వేయరు. అడిగితే వేగం కోసం అంటారు.

ఆ బిల్డ్‌లో మీరిచ్చిన వార్నింగ్ ఏమిటో గుర్తుందా? "ఈ వేరియబుల్ వాడలేదు." లూప్ కౌంటర్ పక్కన పడున్న అమాయకపు ఇంటు (పూర్ణాంకం) మీద! ఇల్లు తగలబడుతుంటే గుమ్మంలో చెప్పులు వంకరగా ఉన్నాయన్నారు. పైగా దీనికి మీ స్టాండర్డ్‌లో ముచ్చటైన పేరు, అన్‌డిఫైన్డ్ బిహేవియర్. మేము తప్పు చేస్తే మీరు ఏం చేసినా చెల్లుతుందని రాసుకున్న చట్టం. రాసింది మీ వాళ్ళే.

వేరే సంబంధాలు చూడలేదా అంటే చూశాం. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.6 మిల్లీసెకన్లు. అందులోనే గాలి, దారం, వెలుగు, శబ్దం అన్నీ అయిపోవాలి. వాడి వదిలేసిన మెమరీ చెత్త ఏరే బాధ్యత తమదే అనే భాషలు చాలా మర్యాదస్తులు. కానీ వాళ్ళ చెత్త ఆటో ఎప్పుడొస్తుంది? సందులో ఆఫీసు టైముకే వచ్చి నిలబడినట్టు, సరిగ్గా పేంచ్ పడిన క్షణంలో. ఆట ఒక్క తృటి ఆగుతుంది, మన పతంగి తెగుతుంది, పిల్లలు ఒక స్టార్ ఇచ్చి పోతారు. యూనిటీ అనే రెడీమేడ్ ఇంజిన్ తీసుకుని సీషార్ప్‌లో హాయిగా రాసుకుందామా అంటే, దాని ఐఎల్‌టూసీపీపీ అనే పనిముట్టు ఆ కోడ్‌ను సీప్లస్‌ప్లస్‌గా మార్చి తెచ్చి మీ గుమ్మం ముందే దింపుతుంది. జావాలో పుట్టి పెరిగిన మైన్‌క్రాఫ్ట్‌కు కూడా ఫోన్లలో నడిచే బెడ్‌రాక్ అవతారం సీప్లస్‌ప్లస్‌లోనే. రస్ట్ అనే భాష ఉంది. 2015లో 1.0 వచ్చింది, మీరు దాచే రహస్యాలన్నీ పెళ్ళిచూపుల్లోనే బయటపెడుతుంది. మా సార్‌కు నచ్చలేదు, మనుషులు దొరకరన్నారు. ఏడుగురిలో ఇద్దరం ఆదివారాలు దొంగతనంగా నేర్చుకుంటున్నాం. ఇది మీకు చెప్పకూడదేమో.

మీరు లేకుండా బతికిన మహానుభావులూ ఉన్నారు. క్రిస్ సాయర్ 1999లో రోలర్‌కోస్టర్ టైకూన్‌ను దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలోనే రాశాడు. ఆయన ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడాడు, మధ్యవర్తి అక్కర్లేదన్నాడు. నాకంత ఓపిక లేదు. రిలీజ్ మోడ్‌లో (విడుదలకు సిద్ధం చేసేటప్పుడు) మీరు నా చెత్త లూపును ఎలా చెక్కుతారో నాకు తెలుసు. డీబగ్ మోడ్‌లో (తప్పులు వెతికేటప్పుడు) ఎడ్లబండిలా నడిచిన ఆట రిలీజ్ మోడ్‌లో పరుగెత్తడం చూసిన ప్రతిసారీ నా కోపం సగం పోతుంది. అది కూడా మీరు గమనించినట్టు లేదు. గమనిస్తే ఒక వార్నింగ్ ఇచ్చేవారు.

బిల్డ్ 91 శాతం. ఇక ఉంటాను.

ఇట్లు,
మూడో కుర్చీ

తా.క. అమ్మ బస్సు పార్సిల్‌లో సకినాలు పంపింది. రెండు డబ్బాలు. ఒకదాని మూత మీద "కంపైలర్ సార్‌కు" అని రాసి ఉంది. ముక్కలన్నీ కలిపే లింకర్ దగ్గరికి వచ్చి ఇప్పుడే ఆగిపోయారు, ఏదో సింబల్ (కోడ్‌లో పిలిచిన పేరు) దొరకలేదట. మీ డబ్బా కూడా తెరిచేశాను. మీరు ఒప్పుకునేదాకా ఆగితే మెత్తబడిపోతాయి.