మూడో రోజు తర్వాత మొదలయ్యే విరేచనాలు

కలుషిత నీటి వల్ల ఊరంతా అతిసారంతో మంచం పడితే వైద్య శిబిరాలు వెలుస్తాయి, నీటి నమూనాలు ప్రయోగశాలకు వెళతాయి, పైపులైన్ల లీకేజీలపై విచారణ మొదలవుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో ఇదంతా చూశాం. అదే, తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరిన వృద్ధురాలికి ఐదో రోజున నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆ సంగతి ఏ లెక్కలోకీ ఎక్కదు. తిండి పడలేదనో, మందులు వేడి చేశాయనో ఇంటివాళ్లే సర్దిచెప్పుకుంటారు. వార్డులో ఒక సెలైన్ సీసా ఎక్కించి, విరేచనాలు కట్టే మాత్ర ఇస్తారు. చేరినప్పుడు లేని జబ్బు చేరిన తర్వాత వచ్చిందంటే, అది తన దగ్గరే అంటుకుందేమోనన్న అనుమానం ముందుగా ఆసుపత్రికే రావాలి.

ఆసుపత్రిలో మొదలయ్యే విరేచనాలన్నీ అంటువ్యాధి కాదన్నది నిజమే. యాంటీబయాటిక్ పడకపోయినా, ట్యూబు ద్వారా ఇచ్చే ఆహారం సరిపడకపోయినా, మలబద్ధకానికిచ్చే మందు ఎక్కువైనా అవుతాయి. నోరోవైరస్ లాంటివి వచ్చినంత వేగంగానే తగ్గుముఖం పడతాయి కూడా. వీటన్నిటిలో మొండిది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా. వైద్యులు దీన్ని క్లుప్తంగా సి.డిఫ్ అంటారు. 1935లోనే పసికందుల మలంలో దీన్ని గుర్తించినా, యాంటీబయాటిక్‌ల తర్వాత పెద్దపేగు తీవ్రంగా వాయడానికి ఇదే కారణమని 1978లో గానీ తేలలేదు. మనం వాడే యాంటీబయాటిక్ రోగకారక క్రిములతోపాటు పేగులో మేలు చేసే సూక్ష్మజీవులనూ తుడిచిపెడుతుంది. అలా ఖాళీ అయిన చోట సి.డిఫ్ పాగా వేసి, పేగు గోడను దెబ్బతీసే విషాలను వదులుతుంది. 65 ఏళ్లు దాటినవారికి, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చినవారికి ముప్పు ఎక్కువ.

ఈ బ్యాక్టీరియా మలంతో బయటపడ్డాక స్పోర్లుగా, అంటే గట్టి పెంకు కట్టుకున్న బీజాలుగా మారి మంచం కడ్డీల మీద, బెడ్‌పాన్‌కు, బీపీ చూసే పట్టీకి, తలుపు గడియకు అంటుకుని నెలల తరబడి బతుకుతుంది. కొవిడ్ కాలం నుంచి మనందరికీ అలవాటైన ఆల్కహాల్ శానిటైజర్ ఈ స్పోర్లను చంపలేదు. సబ్బుతో, పారే నీటి కింద చేతులు రుద్ది కడుక్కుంటే అవి కొట్టుకుపోతాయి. ఫినాయిల్ కూడా వీటిని చంపదు. వార్డులో ఫినాయిల్ వాసన వస్తే శుభ్రం చేశారన్న నమ్మకం మనలో బలంగా నాటుకుపోయింది గనుక ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఇక్కడ పనిచేసేది క్లోరిన్ మందు, అదీ తగిన గాఢతలో. కనీసం 1,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) క్లోరిన్ ఉండే ద్రావణం వాడాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు మురికిని కడిగి, ఆ తర్వాత ద్రావణాన్ని పూసి, తగినంత సేపు తడిగా ఉండనివ్వాలి. ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే మాప్‌తో వార్డంతా తుడిస్తే ఒక మంచం దగ్గరి స్పోర్లను మిగతా మంచాలన్నిటికీ పంచినట్టే.

ధనిక దేశాలూ దీనికి మినహాయింపు కాలేదు. ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టోన్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2004 నుంచి 2006 వరకు సాగిన వ్యాప్తిలో సుమారు 90 మంది మరణాలకు ఈ ఇన్‌ఫెక్షన్ కచ్చితంగానో, బహుశానో కారణమని అక్కడి హెల్త్‌కేర్ కమిషన్ 2007 నివేదికలో తేల్చింది. మంచాలు మరీ దగ్గరగా ఉన్నాయని, నర్సులు చాలక కొందరు రోగులను మంచంలోనే విసర్జించమన్నారని ఆ నివేదిక నమోదు చేసింది. ఆ దేశం సిగ్గుపడింది, కానీ దాచుకోలేదు. ప్రభుత్వ ఆసుపత్రులు ఈ కేసులను నమోదు చేయడం అక్కడ 2004 నుంచే తప్పనిసరి, 2007లో ఆ నియమాన్ని మరింత విస్తరించారు. 2007-08లో 55 వేలు దాటిన కేసులు 2013-14 నాటికి 14 వేల లోపునకు దిగివచ్చాయి. ఈ తగ్గుదలను బ్యాక్టీరియా జన్యుక్రమాల సాయంతో పరిశీలించిన శాస్త్రవేత్తలు, కడగడం తుడవడం కన్నా సిప్రోఫ్లాక్ససిన్ వర్గపు యాంటీబయాటిక్‌ల వాడకాన్ని తగ్గించడమే ప్రధాన కారణమని 2017లో తేల్చారు.

మన దగ్గర ఆ మాత్రలు జలుబుకూ జ్వరానికీ కూడా చీటీ లేకుండా దొరికిన రోజులు ఎంతో దూరంలో లేవు. కొన్ని యాంటీబయాటిక్‌లను చీటీ ఉంటేనే అమ్మాలని, ఆ అమ్మకాన్ని దుకాణం నమోదు చేయాలని చెప్పే హెచ్1 షెడ్యూలు 2014లో వచ్చింది. ఆసుపత్రి లోపల మాత్రం వైద్యుల విచక్షణే దిక్కు. శస్త్రచికిత్సకు ముందు ఒక్క మోతాదు చాలిన చోట వారం రోజులు ఇంజెక్షన్లు సాగడం, ప్రతి చీటీలోనూ గ్యాస్ మాత్ర ఉండటం మనకు కొత్త కాదు. ఆ గ్యాస్ మాత్రలకూ సి.డిఫ్‌కూ సంబంధం ఉందని అనేక పరిశీలనలు సూచించాయి.

చికిత్సలోనూ తెలుసుకోవాల్సింది ఉంది. వీలైతే విరేచనాలకు కారణమైన యాంటీబయాటిక్‌ను ఆపాలి. అనుమానం తీరేదాకా విరేచనాలు కట్టే మాత్ర ఇవ్వకపోవడమే మంచిది. ఈ జబ్బుకు వాడే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తేనే పేగులో పనిచేస్తుంది, నరంలోకి ఎక్కిస్తే ఈ జబ్బుకు ఉపయోగం లేదు. ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను ఎప్పటికప్పుడు భర్తీ చేయడం అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ నిరూపించిన ఓఆర్ఎస్, తాగగలిగిన రోగికి ఈనాటికీ మొదటి ఆసరా.

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగికి బెడ్‌పాన్ పెట్టేది, పక్కబట్టలు మార్చేది ఎక్కువగా కూతురో, కోడలో, భార్యో. ఆమె ఆ మంచం పక్కనే నేల మీద పడుకుంటుంది, అక్కడే అన్నం కలిపి రోగికి తినిపిస్తుంది. ఆమెకు చేతి తొడుగులు ఇచ్చేవారూ, సబ్బుతో ఎప్పుడు చేతులు కడుక్కోవాలో చెప్పేవారూ అరుదు. నడవా చివరనున్న కుళాయిలో నీళ్లు వస్తే సబ్బుండదు. ప్రపంచంలో సగం ఆరోగ్య కేంద్రాల్లో చేతుల శుభ్రతకు కనీస ఏర్పాట్లు లేవని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పిన మాట మన వార్డుల్లో తిరిగినవారెవరికీ ఆశ్చర్యం కలిగించదు. ఇక పారిశుద్ధ్య సిబ్బందిలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్ కార్మికులు, నెలల తరబడి జీతం బకాయిలతోనే పనిచేసేవారు. క్లోరిన్ ఎంత కలపాలో వారికి నేర్పించకుండా, తొడుగులు ఇవ్వకుండా, ఇన్‌ఫెక్షన్ వస్తే మాత్రం వారి అశ్రద్ధ అనడం అన్యాయం.

అందుకే చేరిన మూడు రోజుల తర్వాత మొదలైన విరేచనాలను ప్రతి బోధనాసుపత్రీ, ప్రతి జిల్లా ఆసుపత్రీ విడిగా లెక్కపెట్టి నెలనెలా ప్రకటించాలని మేము కోరుతున్నాం. రోజుకు మూడుసార్లకు మించి నీళ్ల విరేచనాలైన రోగికి మల పరీక్ష చేసే వసతి కనీసం బోధనాసుపత్రుల్లో ఉచితంగా ఉండాలి. ఫలితం వచ్చేలోగా ఆ రోగికి వేరే గది, వేరే మరుగుదొడ్డి ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇదే నియమం వర్తించాలి. లెక్క బయటపెడితే పేరు పోతుందని భయపడే యాజమాన్యాలకు, నిజాయితీగా నమోదు చేసినందుకు శిక్ష ఉండదన్న భరోసాను ప్రభుత్వమే ఇవ్వాలి.

ఈ జబ్బు డిశ్చార్జితో ముగియదు. నయమైన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి కొద్ది వారాల్లో మళ్లీ తిరగబెడుతుంది. అప్పటికి ఆ వృద్ధురాలు పల్లెలో ఉంటుంది. దగ్గర్లోని ఆర్ఎంపీ మామూలు విరేచనాలే అనుకుని మళ్లీ యాంటీబయాటిక్ ఇస్తారు. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఆమెకు ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చిందో, విరేచనాలు మళ్లీ మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలో, ఏ మందులు వాడకూడదో రాసి, ఆ ఊరి ఏఎన్ఎంకు ఒక ప్రతి పంపాలి.