జైలు నుంచి వచ్చే అక్షరం

అమెరికా జైళ్లలో డిగ్రీ చదువుతున్న ఖైదీలు, చదివి బయటికొచ్చినవాళ్లు రాస్తున్న వార్తాకథనాల మీద మీ వ్యాసం చదివాను. 1994లో చట్టం చేసి ఖైదీలకు పెల్ గ్రాంట్లు, అంటే పేద విద్యార్థుల కాలేజీ చదువుకు అక్కడి ప్రభుత్వమిచ్చే సాయం, ఆపేశారు, జైలు కళాశాలలు చాలావరకు మూతపడ్డాయి. ఆ సాయం పూర్తిగా తిరిగొచ్చింది 2023లోనే. ఒక తరం చదువు మట్టిపాలైంది కదా!

మాది గుంటూరు, బ్రాడీపేట. ఈ ఊళ్లోనే శారదా నికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో రాయవేలూరు జైలులో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. దాన్ని నెత్తిన పెట్టుకున్న మనమే, మామూలు ఖైదీ కలం పట్టాడంటే ముఖం చిట్లిస్తాం. ఉద్యమకారుడు వేరు, నేరస్థుడు వేరు అంటారు. వేరే, ఒప్పుకుంటాను. కానీ లోపలి సంగతి లోపలివాడు కాక ఎవరు చెప్పాలి?

నా దగ్గర తెలుగు చదువుకున్న ఒక అబ్బాయి శిక్ష పడి, జైలులోనే దూరవిద్యలో బి.ఏ. చదువుతున్నాడు. మొన్న ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. మడత అంచుల దాకా చీమల బారులాంటి అక్షరాలు, ఒక వాక్యం మీద జైలు ముద్ర. వెలుతురుకు పట్టుకుని కూడబలుక్కున్నాను: “మాస్టారూ, ములాఖత్ రోజున పొద్దున్నే అందరూ తల దువ్వుకుంటారు, ఎవరూ రాని వాళ్లు కూడా.”

గేటు దగ్గర ఫొటో తీసుకుని వెళ్లే విలేకరికి ఈ వాక్యం దొరకదు. మన పత్రికలు ఆదివారం నాడు ఇలాంటి వాళ్లకు అర పేజీ ఇవ్వాలి. పేరుతో వేయాలి, పారితోషికం కూడా పంపాలి.