జకాత్ పేదవాడి హక్కు, ప్రాజెక్టుల నిధి కాదు

జకాత్ అంటే స్తోమత ఉన్న ముస్లిం ఏటా తన సంపదలోంచి తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం. రంజాన్ దగ్గరపడితే చాలు, దాని మీద అదే మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. "జకాత్‌ని తలా కొంచెం పంచి వృథా చేయకండి, ఐక్యరాజ్యసమితి 17 అభివృద్ధి లక్ష్యాలకు జోడించండి, 2030కల్లా పేదరికం ఉండదు" అని. పంపేది చదువుకున్న మిత్రులే కాబట్టి జవాబు రాస్తున్నా.

అందులో చెప్పిన, ప్రపంచం మొత్తం జకాత్ ఇన్ని లక్షల కోట్లన్న లెక్కను పక్కన పెట్టండి. మన దేశంలో జకాత్ వసూలు చేసే ప్రభుత్వ యంత్రాంగమే లేదు. చేతి నుంచి చేతికి పోయే డబ్బుని లెక్కపెట్టిందెవరు?

"ఏ లక్ష్యానికైనా ఇవ్వొచ్చు" అన్నది తప్పు. ఎవరికి చెందాలో ఖురాన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ (వాక్యం) ఎనిమిది వర్గాలుగా తేల్చేసింది. సముద్రాల సంరక్షణ మంచి పనే. దానికి సదఖా (ఇష్టపూర్వక దానం) ఇవ్వండి, వక్ఫ్ చేయండి (ధర్మకార్యానికి ఆస్తి రాసివ్వండి).

నాకు ఒళ్లు మండేది మూడో పాయింటుకి: "చేతికి డబ్బిస్తే సోమరులవుతారు, అందుకే ప్రాజెక్టుల్లో పెట్టాలి." మనలో ఎక్కువమంది హనఫీలం, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రంలో హనఫీ సంప్రదాయం పాటించేవాళ్లం. పేదవాడి చేతికిచ్చి అతణ్ణి సొంతదారుని చేస్తేనే జకాత్ చెల్లుతుందని, దాన్నే తమ్లీక్ అంటారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా! ఆ డబ్బుతో మసీదు కూడా కట్టకూడదన్నది అందుకే. మా మహల్లాలో బట్టలు కుట్టుకుని బతికే ఒక వితంతువు, పోయిన రంజాన్‌లో వచ్చిన జకాత్‌తో ముందు కిరాణా కొట్టు ఖాతా తీర్చింది, తర్వాత వడ్డీకిచ్చినాయన దగ్గర తాకట్టున్న కుట్టుమిషన్ విడిపించుకుంది. తనకేం కావాలో ఆవిడకి తెలుసు. ఆమె కోసం మీరే ప్రాజెక్టు గీస్తారా? అప్పుల్లో మునిగినవాళ్లు ఆ ఎనిమిది వర్గాల్లో ఉన్నారు, మీ మెసేజ్‌లో లేరు. ఆ 17 లక్ష్యాల్లో మొదటిదే పేదరిక నిర్మూలన. ఆవిడ బాకీ తీరడం అందులోకి రాదా?

"అంతా ఒకే సంస్థకి అప్పగించాలి" అంటారా? పాకిస్తాన్ 1980లో చట్టం చేసి బ్యాంకు ఖాతాల్లోంచే జకాత్ కోత పెట్టింది. రంజాన్ ముందు జనం డబ్బు తీసేసుకోవడం మొదలుపెట్టారు.

అయితే మెసేజ్‌లోని ఇండోనేషియా ఉదాహరణ మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. 2017లో అక్కడి జాతీయ జకాత్ సంస్థ బజ్నాస్, ఐరాస అభివృద్ధి కార్యక్రమంతో కలిసి జాంబి ప్రాంతపు పల్లెల్లో చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు డబ్బు పెట్టింది. కరెంటు లేని పేదలకే ఆ మేలు జరిగింది. నీటి వసతికి జకాత్ వాడొచ్చని అక్కడి ఉలమా మండలి 2015లోనే ఫత్వా ఇచ్చింది కూడా. అంటే ముందు ఆలిములు (మత పండితులు) చర్చించారు, తర్వాతే డబ్బు కదిలింది. ఇక్కడ ఆ చర్చ ఏదీ?

ఇంకొకటీ ఒప్పుకోవాలి. మన పంపిణీలో పద్ధతి లేదు. ఒకే ఇంటికి మూడు రేషన్ కిట్లు అందుతాయి, పక్క గల్లీలో డయాలసిస్ మనిషికి ఒక్కటీ అందదు. ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అని రాసుకునే అలవాటు ఆ లక్ష్యాల వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. వసూలు, పంపిణీ చేసేవాళ్లకి జీతం ఇవ్వడానికి కూడా ఆ ఎనిమిదిలో వాటా ఉంది. మసీదు కమిటీలు రంజాన్‌కి ముందు నెల షాబాన్‌లోనే ఇంటింటి జాబితా రాయించాలి. మా మహల్లాలో ఆ పని నేను చేస్తాను.