ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారికి, కింది నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ ఫుట్ ఓవర్ బ్రిడ్జి గారి సముఖమునకు, రోడ్డుకి ఈ పక్కనే ఆగిపోయిన పాదచారి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి. తమరు కుశలమే, కొత్త రంగు కూడా వేశారు. మా అమ్మ మోకాళ్లే కుశలంగా లేవు. మాకు కావలసిన బస్టాపు ఎదురుగానే ఉంది, మధ్యలో 20 మీటర్ల రోడ్డు. అక్కడికి వెళ్లాలంటే ముందు ఆకాశంలోకి వెళ్లి రమ్మంటున్నారు తమరు. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించేవాళ్లుంటారని విన్నాను గానీ, ఆ చెయ్యిని ఇనుముతో కట్టించి రిబ్బను కత్తిరించడం మాత్రం తమరి దగ్గరే చూశాను.

కోప్పడకుండా లెక్క చూడండి. కింద లారీలు పోవాలి కాబట్టి తమరు ఐదున్నర మీటర్ల ఎత్తున ఉండాలి. మెట్టుకి 15 సెంటీమీటర్లు వేసుకున్నా ఎక్కడానికి 37 మెట్లు, దిగడానికి మరో 37. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకి ర్యాంపు కావాలి. మీటరు ఎత్తుకి 12 మీటర్ల పొడవుంటేనే అది చేతులతో తోసుకుని ఎక్కగలిగే వాలు అంటారు. అంటే పైకి 66 మీటర్లు, కిందకి 66, మధ్యలో రోడ్డు 20, మొత్తం 152. అవతల కార్లో కూర్చున్నాయన మాత్రం బ్రేకు మీద కాలు కూడా పెట్టనక్కర్లేదు. పాదచారుల వంతెన అని బోర్డు పెట్టుకున్నారు గానీ తమరు పుట్టింది కార్ల కోసమండీ, అవి ఆగకుండా పోవడం కోసం మమ్మల్ని పైకి ఎత్తి పక్కన పెట్టారంతే.

లిఫ్టు ఉందిగా అంటారు. ఉంది. దాని తలుపు మీద ‘మరమ్మతులో ఉంది’ అనే కాగితం కూడా ఉంది, ఇప్పుడు ఆ కాగితానికే మరమ్మతు కావాలి.

మెట్లెక్కితే ఆరోగ్యం అన్న వాదన కూడా తమరి దగ్గర సిద్ధంగా ఉండే ఉంటుంది. నిజమే. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు గారి బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువని తేల్చింది. కానీ ఆ కండక్టర్లు ఎక్కగలిగినవాళ్లు. ఎక్కలేనివాళ్లు ఏం చేస్తారో తెలుసా? ఇంట్లోనే ఉండిపోతారు, లేదా చిన్న పనికి కూడా బండి పిలుస్తారు, ఆ బండి వచ్చి తమరి కిందనే ఇరుక్కుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రోజుకి 22 నిమిషాలు కూడా నిండదు. బడి, కొట్టు, బస్టాపు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పేటలో అది వేరే పని కానే కాదు, కొత్తిమీర తేవడంలోనే అయిపోతుంది. లేనిచోట డబ్బున్నవాళ్లు కార్లో జిమ్ముకి వెళ్లి కదలని బెల్టు మీద, సారీ, కదిలే బెల్టు మీద కదలకుండా నడుస్తారు. డబ్బులేనివాళ్లు తమరిని ఎక్కుతారు.

ప్రాణాలు కాపాడుతున్నానంటారా? ప్రపంచంలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్ల మీద పోతున్నారు, అందులో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు, మోటారు సైకిళ్ల వాళ్లు. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగు రెట్లవుతుంది, ఇది బళ్లో చెప్పిన పాఠమే. మరి కింద ఎవరూ దాటరన్న ధీమా ఇచ్చాక ఎవరు నెమ్మదిగా పోతారు? నార్వే రాజధాని ఓస్లో వాళ్లు వేగాలు తగ్గించారు, నడిబొడ్డున వీధి పక్క పార్కింగ్ చాలావరకు తీసేశారు. 2019లో అక్కడ రోడ్డు మీద నడిచేవాళ్లు గానీ సైకిల్ తొక్కేవాళ్లు గానీ ఒక్కరూ చనిపోలేదు.

రాత్రి తొమ్మిది తర్వాత తమరి మీద ఎవరుంటారో అడగను, లైట్లు వెలగవు కాబట్టి తమరికీ తెలిసుండదు. మా చెల్లి మాత్రం ఆ సమయానికి రెండు స్టాపులు ముందే దిగి నడిచి వస్తుంది.

ఇంకో సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ మూడు వీధుల్ని పోల్చి 1972లో ప్రచురించారు. రోజుకి 2 వేల బండ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు ఆ వీధిలోనే ఉన్నారు, 16 వేల బండ్లు పోయే వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9. ఆ లోటు తీర్చడానికి తమరి మీద ఎవరైనా ఆగి కబుర్లు చెప్పుకోవడం చూశారా? ఆయాసం తీర్చుకోవడానికి ఆగుతారు, అంతే.

సిగ్నలు పెట్టండి, నేల మీదే దాటతాం అని అర్జీ ఇచ్చాం. సెకనుకి 1.2 మీటర్లు నడుస్తామనుకుంటే 20 మీటర్లకి 17 సెకన్లు, అమ్మలాంటి వాళ్ల కోసం ఇంకో పది కలిపితే 27. ఆ పది సెకన్లు కలపడానికి టెండరు పిలవక్కర్లేదు, బహుశా అదే ఇబ్బంది.

ప్రస్తుతానికి డివైడరు గ్రిల్లులో ఎవరో పుణ్యాత్ముడు ఒక ఊచ వంచి పెట్టాడు. అమ్మ చెయ్యి పట్టుకుని అందులోంచే దాటుతున్నాం. తమరికి పైనుంచి అన్నీ కనిపిస్తాయి కదా, దయచేసి ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
తమరి నీడలో ఎదురుచూస్తున్న
ఒక జత కాళ్లు